మిడత కాలికి కొత్త బూటు

ఎగ్జిల్డా గురించి చెప్పాలంటే ముందు ఆవిడ కారు గురించి చెప్పాలి. రాసుకో, మధ్యలో అడ్డం రాకు. ఆవిడ మా ఆయన అన్సెల్మ్‌కి సొంత అక్క. నాకంటే పెద్దది కాబట్టి పైకి వదినా అంటాను, లోపల ఏమనుకుంటానో అది వేరే సంగతి. పొట్టి మనిషి, గుండ్రంగా ఉంటది. ఫక్కుమని నవ్విందంటే పక్కింటి కుక్క లేచి మొరుగుతది.

ఆవిడ మొగుడు సిరియాక్ లాబ్‌స్టర్లు పట్టేవోడు. మంచోడే గానీ పెళ్ళాన్ని స్టీరింగు దగ్గరికి రానిచ్చేవోడు కాదు. "పడవకి నేను, వలకి నువ్వు" అనేవోడు. ఆవిడ చలికాలమంతా పొయ్యి పక్కన కూచుని బోనులకి వలలు అల్లేది. లాబ్‌స్టరు లోపలికి దూరి మళ్ళీ బయటికి రాకుండా బోనులో గరాటాలాగా ఒక వల ఉంటది చూడు, అది. ఆవిడ అల్లినంత బిగువుగా ఈ తీరంలో ఇంకెవరూ అల్లలేరు. నేర్చుకోడానికి వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి రోజే చీవాట్లు. "ముందు రింగు పెట్టవే, తర్వాత అల్లు. అల్లేశాక రింగు ఎక్కడ దూరుస్తావు, నీ ముక్కుకా?" ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తది.

సిరియాక్ పోయాడు. ఏడుపులన్నీ అయ్యాక ఓ రోజు ఆవిడ మా ఇంటికొచ్చి, "ఒరేయ్ అన్సెల్మ్, నాకు బండి నేర్పరా" అంది. మా ఆయన ఓ పూట నేర్పాడు. ఆ పూట అక్కాతమ్ముళ్ళు అరుచుకున్న అరుపులు చర్చి గంటకంటే దూరం వినపడ్డాయి. ఆయన ఇంటికొచ్చి, "మా అక్కకి బ్రేకంటే ఏంటో తెలీదు" అన్నాడు. వెనకాలే ఆవిడొచ్చి, "నీ మొగుడికి నోరు మూసుకోవడమంటే ఏంటో తెలీదు" అంది. ఇక ఎవర్నీ అడగలేదు. చర్చి చుట్టూ తనే తిరిగి తిరిగి నేర్చుకుంది. ఫాదరు గారింట్లో వంట చేసే ముసలావిడ చిన్న ఎర్ర కారు అమ్ముతుంటే కొనుక్కుంది. దానికి మిడత అని పేరు పెట్టింది. గతుకులొస్తే అది ఎగిరేదీ మిడతలాగే, లోపల మేమూ మిడతల్లాగే.

మాకిక్కడ బస్సుల్లేవు. ఉన్నది ఒకటే రోడ్డు. ఇటు సముద్రం, అటు అడివి, ఇళ్ళన్నీ ఆ రోడ్డు పొడుగునే. కారు లేని ముసలిది ఎవరో ఒకరి తీరిక కోసం కిటికీలోంచి చూస్తూ కూచోవాలి. ఎగ్జిల్డా కూచునే రకం కాదు. బుధవారం వస్తే నన్నూ, మా స్నేహితురాలు ఒఫెలీనీ, ఇంకో ఇద్దర్నీ ఎక్కించుకుని పేకాటకి హాలుకి తోలుకెళ్ళేది. ముందు సీటు నాది. వెనక ఒఫెలీ కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకునేది. "ఆటలో గెలవాలనా ఆ జపం?" అంటే, "గెలవాలని కాదమ్మా, ప్రాణాలతో దిగాలని" అనేది.

మా ఆయనకి ఆ కారంటే పడేది కాదు. కారుకి వయసైపోయింది, అక్కకీ వయసైపోయింది అని ఒకటే పాట. అక్కంటే ప్రేమే, కాదనను. కానీ ఈ మొగోళ్ళకి ప్రేమ వచ్చిందంటే ఎవరి తాళాలో ఒకరివి లాక్కోవాలనిపిస్తది.

మాకు రెండేళ్ళకోసారి గ్యారేజీలో బండిని పరీక్ష చేసి అద్దానికి స్టిక్కరు అంటిస్తారు. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసోడు పట్టుకుంటాడు. ఈస్టరు పండక్కి అందరం భోజనానికి కూచున్నాం. బంగాళాదుంప తురుములో కోడిమాంసం పెట్టి పెనంలో కాలుస్తాం, దాన్నే రాపూరు అంటాం. మా ఆయన దాని మీద బెల్లం పాకం పోసుకుంటా అన్నాడు కదా, "అక్కా, ఆగస్టు నెలాఖరుకి మిడత స్టిక్కరు అయిపోతది. ఈసారి రాకపోతే తుక్కుకి ఇచ్చెయ్యాలి. నువ్వెక్కడికెళ్ళాలన్నా నా ట్రక్కులో నేను తీసుకెళ్తా."

"నీ ట్రక్కా! చేపల ఎర కంపు. పోయేదేమో నత్త నడక. బుధవారం పేకాటకి బయల్దేరితే ఆదివారం ప్రార్థనకి చేరతాం."

"మాట మార్చకు. ఇచ్చేస్తావా, ఇవ్వవా?"

ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. "సరేరా! స్టిక్కరు రాకపోతే నేనే తుక్కు కొట్టుకి తోలుకెళ్ళి తాళం వాడి చేతిలో పెడతా." అందరి ముందూ అనేసింది. మా ఇళ్ళల్లో పండగ భోజనం దగ్గర అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు. నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు బూటు సంగతి. ముందరి చక్రాల్ని తిప్పే ఇరుసు కొసన ఓ కీలు ఉంటది, మన మోకాలి కీలులాగే. దాని మీద మడతలు మడతలుగా రబ్బరు తొడుగు, హార్మోనియం తిత్తిలాగా. దాన్నే బూటు అంటారు. లోపల గ్రీజు. బూటు బాగుంటే గ్రీజు లోపల, ఇసుక బయట. చిరిగిందా, గ్రీజు బయట, ఇసుక లోపల. అంతే, ఇంకేం చదువు లేదు. మా రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు, గడ్డ కట్టిన మంచు. రబ్బరు ఎన్నాళ్ళని ఓర్చుకుంటది?

మంచు కరగ్గానే ఎగ్జిల్డా ఏటా ఒక పని చేసేది. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పేసి, కళ్ళజోడు పెట్టుకుని, చక్రం వెనకాల మోకాళ్ళ మీద కూచుని ఆ బూటు మడతల్ని ఒక్కోటీ వేళ్ళతో విప్పి చూసేది. ఆ ఏడాది కుడి పక్క బూటు మడతలో సన్నటి పగులు కనపడింది. ఎవరికైనా చెప్పొచ్చుగా? చెప్పదు. చెప్తే తమ్ముడు తాళం అడుగుతాడు. షెడ్డులో సిరియాక్ వదిలెళ్ళిన డబ్బా ఉంది, లాబ్‌స్టర్లు కొరక్కుండా వాటి కొండీలకి తగిలించే రబ్బరు బ్యాండ్లు. వాటిని తగిలించే పటకారూ ఉంది. ఇంకేం, బూటు చుట్టూ పగులు మూసుకునేలా ఒకదాని మీద ఒకటి బ్యాండ్లు తొడిగేసింది. లాబ్‌స్టరు కొండీకి సరిపోయింది కారు కాలికి సరిపోదా అనుకుంది.

జులైలో నూనె కొట్టించడం. అది మా దగ్గర పండక్కి ముందు ఇల్లు కడగడం లాంటిది, తప్పదు. తుప్పు పట్టకుండా బండి అడుగంతా నూనె చిమ్మించాలి. ఆ తర్వాత అడివి వెనకాల మట్టి రోడ్డు మీద జోరుగా తోలితే దుమ్ము లేచి నూనెకి అంటుకుని పెచ్చులాగా కడతది. చలికాలమంతా అదే కాపు. కొట్టేది మా ఆయనే, మా కొట్టం వెనకాల. ఆ రోజు మిడత అడుగున పడుకుని ఇటు చిమ్మాడు, అటు చిమ్మాడు, చూసింది మాత్రం ఏమీ లేదు. "అయింది. పో అక్కా, మట్టి రోడ్డు మీద బాగా తిప్పుకునిరా" అన్నాడు. పక్కన నన్ను కూచోబెట్టుకుని తోలింది చూడూ, నా కట్టుడు పళ్ళు కదిలిపోయాయి. దుమ్ములో ముందున్న చెట్టు కనపడలేదు.

"వదినా, నెమ్మదే!"

"నెమ్మదిగా పోతే దుమ్ము అంటుకోదే, అర్తెమీజూ!"

అంటింది. అక్కర్లేని చోట కూడా అంటింది. అది తర్వాత తెలిసింది.

ఆగస్టు పదిహేను మా వాళ్ళందరి పండగ. ఆ సాయంత్రం ఊరంతా రోడ్డు మీదికొచ్చి చేతికి దొరికిందల్లా వాయిస్తా నడుస్తారు. గిన్నెలు, మూతలు, బకెట్లు, బూరలు, కార్ల హారన్లు. మమ్మల్ని ఒకప్పుడు ఈ నేల మీంచి తరిమేశారు, మేం తిరిగొచ్చాం, ఉన్నామని చెప్పడానికే ఆ గోల. ఎగ్జిల్డా తన రాపూరు పెనాలన్నీ తాడుకి గుచ్చి మిడత వెనకాల కట్టింది. అబ్బో, ఆ మోత! చర్చి దగ్గర మలుపు తిరిగినప్పుడు మరీనూ. టకటకటక, ఠంగుఠంగుఠంగు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ ఇంకోసారి తిరిగింది. ఇంకాస్త టకటక.

"విన్నావా, నా బండి ఎంత బాగా వాయిస్తందో!" అంది. పండగ అయిపోయినా పెనాలు విప్పలేదు. ఆ మోత నెత్తికెక్కింది. పాల డబ్బాకి పోయినా అదే వాయిద్యం. ఊళ్ళో పిల్లులన్నీ అటకెక్కాయి.

బుధవారం వచ్చింది. పేకాట అయిపోయింది, నేను ఓడిపోయాను, తల నొప్పి. హాలు బయట కారు దగ్గర నిలబడి చెప్పేశాను. "వదినా, ఆ పెనాలు విప్పితే ఎక్కుతా. లేకపోతే నడిచిపోతా." మూతి ముడుచుకుంది గానీ విప్పింది. అన్నీ ఓ పాత దుప్పట్లో చుట్టి డిక్కీలో పడేశాం. బయల్దేరాం. ఎంత హాయి! తిన్నగా పోతున్నంతసేపూ చప్పుడు లేదు. చర్చి మలుపు వచ్చింది. ఆవిడ స్టీరింగు తిప్పింది.

టక టక టక టక.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. వెనక ఒఫెలీ కళ్ళు తెరిచింది. ఆవిడ కళ్ళు తెరిచిందంటే చూడు ఇంక.

"పెనాలు డిక్కీలో ఉన్నాయి కదే," అంది ఒఫెలీ. "మరి వాయించేదెవరు?"

తెల్లారి మా ఆయన కారు కింద దూరాడు. తర్వాత చెయ్యి ఒకటి బయటికొచ్చింది, దాన్నిండా మసి, ఆ మసిలో ఉబ్బిపోయి జిగురైపోయిన రబ్బరు ముక్కలు. వాటి వెనకాలే ఆయన మొహం వచ్చింది.

"అక్కా, లాబ్‌స్టర్ల వేట మే నెలాఖరుకే కట్టేశారు కదా. ఈ రోజుల్లో దీన్ని దొంగతనంగా ఎక్కడ పట్టావు?"

"ఎగతాళి చాల్లే. ఏమైంది?"

"ఏమవుద్ది? నీ బ్యాండ్లు జారిపోయాయి, బూటు చిరిగింది, గ్రీజంతా చక్రానికి పూసుకుంది. కీలులో ఇసుక పడి అరిగిపోయింది. అందుకే మలుపులో ఏడుస్తంది."

"బ్యాండ్లు ఎందుకు జారాయిరా? నువ్వు కొట్టిన నూనెకి ఉబ్బి జారాయి! పైగా మట్టి రోడ్డు మీదికి తోలావు నన్ను."

"బ్యాండ్లు కట్టానని నాకు చెప్పావా?"

"బండి కింద పడుకున్నోడివి, నువ్వు చూశావా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు తీర్పు చెప్పమన్నట్టు. ఇద్దరూ ఇద్దరే అన్నాను. ఆ రోజు ఇద్దరూ నాతో మాట్లాడలేదు, ఎంత ప్రశాంతంగా ఉందో.

నెలాఖరు దగ్గరికొచ్చింది. మా ఆయన, "నేను చెయ్యి పెట్టను. భోజనం దగ్గర మాటిచ్చింది, నిలబెట్టుకోమను" అని ట్రక్కు కడగడం మొదలెట్టాడు. అక్కని ఎక్కించుకోవడానికి అన్నమాట! ఆ ట్రక్కు నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో.

ఎగ్జిల్డా లియోన్స్ గ్యారేజీకి పోయింది, నన్నూ లాక్కుపోయింది. లియోన్స్ అంటే స్టిక్కరు ఇచ్చేవోడే. నెలాఖరు కదా, గ్యారేజీ ముందు బళ్ళు బారులు తీరున్నాయి. "పిన్నీ, పరీక్షకి ఆఖరి రోజు పొద్దున్న నీ పేరు ఉంది, అది చేస్తా. రిపేరంటావా, సెప్టెంబరు దాకా నాకు గాలి పీల్చే తీరిక లేదు" అన్నాడు.

"అయితే నేనే వేస్తా. ఎలా వెయ్యాలో చెప్పు."

వాడు నవ్వలేదు, అందుకే వాడంటే నాకిష్టం. అరలోంచి సామాను తీస్తా చెప్పాడు. "కుడి పక్క చప్పుడొచ్చింది కాబట్టి ఆ కీలు పనైపోయింది. కొత్త కీలు, కొత్త బూటు. ఎడమ పక్క కీలు బాగుందంటున్నావు, కానీ దాని బూటుకీ పగుళ్ళొచ్చాయి కదా. విప్పి కిరసనాయిలుతో కడిగి బూటు మార్చు. గుల్లలు వండేటప్పుడు ఇసుక పోయేదాకా కడుగుతావు కదా పిన్నీ, అలా కడగాలి. పంటికింద పడే ఇసుక ఇక్కడ కీలు కింద పడుద్ది. గ్రీజు ఈ పొట్లంలోదే వాడు, ఇంట్లో ఉన్నది ఏదీ పుయ్యకు. క్లిప్పు గట్టిగా బిగించు. ఇంకోటి." వేలు చూపించాడు. "లాబ్‌స్టరు బ్యాండ్లు వద్దు."

అప్పటికే ఊరంతా పాకింది చూశావా ఆ సంగతి.

సిరియాక్ షెడ్డులో మొదలెట్టాం. ఇరుసు కొసన ఒక పెద్ద నట్టు ఉంటది, దాన్ని బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. తుప్పుపట్టి రాయిలాగా ఉంది. పానాకి పొడుగాటి ఇనప గొట్టం తొడిగాం. ఆవిడ లాగింది, రాలేదు. నేను లాగాను, రాలేదు.

"ఎక్కి నిలబడవే అర్తెమీజూ. అంత రాపూరు తిన్నావు, దేనికైనా పనికిరావద్దూ?"

"నువ్వు తినలేదా?"

"నేను బ్రేకు తొక్కాలి కదే!"

గోడ పట్టుకుని గొట్టం మీద ఎక్కాను. చిన్నగా ఊగాను. నట్టు కీచుమంది, నేనూ కీచుమన్నాను, ఇద్దరం ఒకేసారి వదులయ్యాం. కింద గడ్డి బస్తా ఉండబట్టి బతికాను.

తర్వాత జాకీ ఎత్తి, కింద చెక్క దిమ్మలు పెట్టి, చక్రం విప్పి, ఇరుసుని బయటికి లాగాం. పాత కీలుని సుత్తితో ఒక్కటేస్తే ఊడొచ్చింది. లోపల గోళీలు గరుకుగరుకుగా, గుంటలు పడి ఉన్నాయి. ఎగ్జిల్డా ఒకటి అరచేతిలో పెట్టుకుని చూసింది. "పాపం మిడత. ఇంత నొప్పితో నన్ను మోసింది. నేనేమో పాట అనుకున్నా." కొంగు లాంటి ఆ ఏప్రాన్‌తో కళ్ళు తుడుచుకుని మొహమంతా మసి చేసుకుంది.

కొత్త కీలులో గ్రీజు కూరింది, వేళ్ళతో, కోడి పొట్టలో మసాలా కూరినట్టు. ఇరుసుకి ఎక్కించింది. సుత్తితో తట్టింది. టక్కున కూచుంది. లోపల లాకు రింగు పడిందన్నమాట, ఇక లాగినా రాదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూశావా! మొగోళ్ళు దీన్ని పెద్ద విద్యలాగా..." అని తిరిగింది.

బల్ల మీద బూటు ఉంది. కొత్తది, నల్లగా మెరుస్తా, మమ్మల్నే చూస్తా.

బూటు ముందు ఇరుసుకి తొడగాలి. ఆ తర్వాతే కీలు. కీలు కూచున్నాక బూటు పట్టదు.

నేను ఏమీ అనకూడదనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ నా నోరు నా మాట వినదు. "వదినా, ముందు రింగు పెట్టాలా, ముందు అల్లాలా?"

అంతే, పక్కింటి కుక్క మొరిగింది. ఆ నవ్వుకి ఇద్దరం నేల మీద కూలబడ్డాం. నేను గోడకి, ఆవిడ చక్రానికి ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళు. కిటికీ అవతల ఓ టోపీ కదిలింది. మా ఆయన! చెయ్యి పెట్టనన్నోడు కళ్ళు మాత్రం పెట్టాడు.

"ఏం కావాల్రా?" అంది ఆవిడ.

"నా సుత్తి కోసం వచ్చా."

"నీ సుత్తి నీ చేతిలోనే ఉంది."

చేతిలోకి చూసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ సుత్తితో కీలు ఊడగొట్టాం. ఈసారి ముందు చిన్న క్లిప్పు, తర్వాత బూటు, ఆ తర్వాత కీలు, టక్. మిగిలిన గ్రీజు బూటులో పిండి, పెద్ద క్లిప్పు పెట్టి పటకారుతో బిగించింది. నలభై చలికాలాలు వల ముడులు బిగించిన చేతులు అవి, ఆ క్లిప్పు ఇక కదల్లేదు. ఎడమ పక్కది విప్పి గుల్లలు కడిగినట్టే కడిగింది. ఓసారి కాదు, కిరసనాయిలు నీళ్ళలాగా తేరిందాకా. దానికీ బూటు తొడిగింది. ఆ రెండో పక్క చేసినంతసేపూ గొణుగుతానే ఉంది, "ముందు రింగు, ముందు రింగు."

ఆఖరి రోజు పొద్దున్న లియోన్స్ దగ్గరికి బయల్దేరుతుంటే మా ఆయన అడ్డంగా నిలబడ్డాడు. "ముందు చర్చి చుట్టూ తిప్పు. వెనక నేను కూచుంటా. టక్ అనిందా, గ్యారేజీకి కాదు, తిన్నగా తుక్కు కొట్టుకే."

"ఎక్కరా. నీ చెవులు కూడా తెచ్చుకో."

వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూచున్నాడు పాపం. అద్దాలన్నీ దించాం. ఎగ్జిల్డా స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి చర్చి చుట్టూ పోనిచ్చింది. సముద్రం మీంచి గాలి, గాలిలో పక్షుల అరుపులు. అంతే. ఇంకేం లేదు. ఎడమకి తిప్పింది. అప్పుడు అయ్యిందమ్మా:

ఠక్. ఠంగ్.

"అదిగో!" మా ఆయన లేచి తల కప్పుకి కొట్టుకున్నాడు. "విన్నావా! టక్ అనింది! ఏమంటావు ఇప్పుడు!"

ఎగ్జిల్డా మొహం తెల్లబోయింది. కారు ఆపేసింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, తియ్యదు. ఈ తాళం పోతే ఈ మనిషి కిటికీ పక్కన కూచుంటది, బుధవారం ఎవరొస్తారా అని. ఆ తలుపు, ఆ కిటికీ, అన్నీ కనపడ్డాయి నాకు. ఠంగ్ అన్నది కూడా ఇంకా చెవిలో ఉంది. ఠంగ్?

"ఏమయ్యా," అన్నాను. "కీలు అరిగితే ఠంగ్ అంటదా?"

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎగ్జిల్డా ఒక్క ఉదుటున దిగి డిక్కీ తెరిచింది. దుప్పటి ఊడిపోయి రాపూరు పెనాలు అటూ ఇటూ దొర్లుతున్నాయి. బుధవారం పడేసినవి పడేసినట్టే ఉన్నాయి, మేం మర్చేపోయాం.

ఆవిడ పెనాలన్నీ తీసుకొచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టింది, పెద్దది అడుగున, చిన్నవి పైన. "గట్టిగా పట్టుకో. ఒక్కటి మోగినా రాపూరు ఉండదు, బతికున్నంత కాలం."

ఆయన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా వాటిని గుండెకి అదుముకుని కూచున్నాడు. చర్చి చుట్టూ కుడికి ఓసారి, ఎడమకి ఓసారి. కుడికి మళ్ళీ. ఎంత తిప్పినా చప్పుడు లేదు. మెత్తగా, పిల్లి నడిచినట్టు.

కాసేపటికి వెనకనించి మెల్లిగా వినపడింది. "అక్కా."

"ఏంట్రా?"

"క్లిప్పు బాగా బిగించావు."

ఎగ్జిల్డా కొంచెం జోరు పెంచింది.

లియోన్స్ బండి కింద దీపం పట్టుకుని రెండు బూట్లూ నొక్కి చూశాడు, చక్రాలు తిప్పి చూశాడు, బ్రేకులు చూశాడు. బయటికొచ్చి మా ఆయన్ని చూశాడు. ఆయనింకా పెనాలు దించలేదు.

"అన్సెల్మ్ బాబాయ్, నువ్వేంటి అలా ఉన్నావు?"

"నోరు మూసుకుని స్టిక్కరు అంటించరా," అన్నాడు మా ఆయన.

అంటించాడు. ఆ తర్వాతి బుధవారం ఎగ్జిల్డా మా గుమ్మం ముందు హారన్ కొట్టింది. నేను బయటికొచ్చేసరికి ముందు సీట్లో మా ఆయన కూచుని ఉన్నాడు. ట్రక్కు బయల్దేరనని మొరాయించిందట, ఆయనకి హాలు పక్కన ఏదో పనుందట.

"వెనక్కి పో," అన్నాను. పోయాడు. ఒఫెలీ జరిగి చోటిచ్చి, జపమాల సగం ఆయన చేతిలో పెట్టింది.